చూరుకు వేలాడే మంచు ఊడలు ఇంటివైపు ఎందుకు వంగుతాయి?

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా సంగతి తెలుస్తుంది. మీరు అమెరికాలో మిషిగన్ ఉత్తర కొసన ఉన్న హౌటన్‌లో చదువుకుంటున్నారు. అద్దెకున్నది రేకుల కప్పున్న పాత ఇల్లు. వంటింటి కిటికీ పైన చూరుకు వేలాడే ఐసికిల్స్ నిలువుగా ఉండకుండా ఏనుగు దంతాల్లా వంగి అద్దం వైపు వస్తున్నాయి. ఒక రూమ్మేట్ గాలి వల్ల అన్నాడు, ఇంకొకడు ఎండ వల్ల అన్నాడు, మూడోవాడు ఇంటి వేడి వాటిని అటు లాగుతోందన్నాడు. "నీటి చుక్క నేరుగా కిందికే కదా పడేది, మరి ఈ వంకర ఎక్కడి నుంచి వచ్చింది?" అని మీ సందేహం.

గాలి అన్నవాడికి సగం మార్కులు ఇవ్వొచ్చు, అదీ వేరే ఇంటి విషయంలో. మిగతా ఇద్దరికీ సున్నా. మీ చూరుకున్న ఐసికిల్ వంగలేదండీ. అది ఏ మంచును పట్టుకుని వేలాడుతోందో ఆ మంచు తిరిగింది. ఐసికిల్ దాంతో పాటు తిరిగి, కొత్తగా పెరిగిన భాగం మాత్రం మళ్ళీ నిలువుగా పెరిగింది. ఈ రెండూ కలిస్తేనే వంకర. అసలు జవాబు ఇంతే. కానీ ఆ వంకరను చదవడం వస్తే మీ కప్పు మీద వారం రోజులుగా ఏం జరుగుతోందో కింద నిలబడే చెప్పేయొచ్చు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను హనుమకొండలో సివిల్ చదివి ఇటొచ్చినవాణ్ణి. పదిహేడేళ్ళుగా మిన్నెసోటాలో ఇళ్ళ కప్పులు, కప్పుకూ సీలింగ్‌కూ మధ్య ఖాళీగా ఉండే ఆటిక్‌లు ఎక్కి వేడి ఎక్కడి నుంచి బయటికి పోతోందో వెతికి చెప్పడం నా ఉద్యోగం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాకొచ్చే ఫోన్లలో చాలావరకు చూరు గురించే.

ముందు మాటల ఇబ్బంది ఒకటి తీర్చేసుకుందాం. మనకు స్నో అన్నా మంచే, పొగమంచన్నా మంచే, ఐస్ అన్నా ఒక్కోసారి మంచే. ఐసికిల్‌కైతే వాడుకలో పేరే లేదు, మన చూర్లకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి. మా ఆవిడ ఇక్కడికొచ్చిన మొదటి చలికాలంలో వాటిని చూసి "మర్రి ఊడల్లా ఉన్నాయి" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో అవి మంచు ఊడలే. ఇక్కడ కూడా ఊడలనే అంటాను. స్నోని మంచు అంటాను, ఐస్‌ని గడ్డ అంటాను.

ఊడ పుట్టాలంటే ఒకదానికొకటి పొసగని రెండు విషయాలు ఒకే సమయంలో జరగాలి. కప్పు మీద మంచు కరగాలి, చూరు దగ్గర గాలి మాత్రం సున్నా కన్నా కింద ఉండాలి. కరగడానికి వేడి రెండు చోట్ల నుంచే వస్తుంది: పై నుంచి ఎండ, కింద నుంచి మీ హీటర్. మీ ఊళ్ళో లేక్ సుపీరియర్ మీద నుంచి వచ్చే మబ్బుకు చలికాలంలో ఎండ మొహం చూడటమే తక్కువ. కాబట్టి మబ్బు పట్టిన రోజు కూడా, రాత్రిపూట కూడా ఊడలు పెరుగుతున్నాయంటే ఆ వేడి మీ గ్యాస్ బిల్లులోదే. ఇంకో చిత్రం కూడా ఉంది. కొత్తగా పడ్డ మంచు మంచి దుప్పటి. ఇన్సులేషన్‌ని ఇక్కడ ఆర్ విలువతో కొలుస్తారు. అంగుళం మంచుకు సుమారు ఆర్-1 వస్తుందని మా లెక్క. అంటే అడుగు మంచు పడితే కప్పుకు ఆర్-12 దుప్పటి కప్పినట్టే. బయట మైనస్ పది ఉన్నా, ఆ దుప్పటి కింద రేకు వెచ్చబడి సున్నా దాటుతుంది. మంచు అడుగు నుంచి కరుగుతుంది. పై నుంచి చూస్తే తెల్లగా, కదలకుండా, ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఆ నీళ్ళు రేకు మీదుగా చూరుకు చేరతాయి. చూరు గోడ దాటి బయటికి వచ్చిన భాగం, దాని కింద ఇల్లు లేదు, కాబట్టి చల్లగా ఉంటుంది. అక్కడ కొంత నీరు గడ్డకడుతుంది, మిగతాది అంచు నుంచి వేలాడుతుంది. ఊడ ఒంటి మీద జారే నీటి పొర వెంట్రుక మందం, అంతకన్నా పల్చన కూడా. కొసన వేలాడే చుక్క సుమారు అయిదు మిల్లీమీటర్లు. గ్రాము నీరు గడ్డకట్టాలంటే 334 జౌళ్ళ వేడిని వదలాలి, ఆ వేడినంతా పక్కనున్న గాలి పట్టుకుపోవాలి. అందుకే ఊడ ఓపిగ్గా పెరుగుతుంది. పెరుగుతున్న ఊడ కొసను జాగ్రత్తగా విరిచి చూడండి: మధ్యలో సన్నటి గొట్టంలా ఉంటుంది, లోపల ఇంకా గడ్డకట్టని నీళ్ళుంటాయి. పొడవు పెరిగేదంతా ఆ కొసనే, ఒళ్ళు లావెక్కేది ఆ పల్చటి పొర వల్ల. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, వంకర దగ్గర పనికొస్తుంది. ఊడ వెనకటి భాగం ఎటు తిరిగి ఉన్నా, కొసన చుక్క మాత్రం నేలవైపే చూస్తుంది. అంటే కొత్త పెరుగుదల ఎప్పుడూ నిలువే.

ఇక అసలు నాటకం కప్పు మీద. దండెం మీద ఆరేసిన తడి దుప్పటి ఒక పక్క బరువెక్కువై మెల్లగా జారడం చూసే ఉంటారు. రేకు కప్పు మీద మంచు కూడా అంతే. అడుగున నీటి పొర ఉన్నప్పుడు రేకుకూ మంచుకూ మధ్య పట్టు పోతుంది, మొత్తం పలక ఒకే ముక్కగా జారుతుంది. చూరు అంచు దగ్గర గడ్డ పట్టి ఆపడం వల్ల ఒక్కసారిగా పడకుండా, రోజుకు బెత్తెడో జానెడో ముందుకు వస్తుంది. గరుకుగా ఉండే షింగిల్ (తారు పూసిన బిళ్ళల) కప్పు మీద ఈ జారుడు బాగా తక్కువ. వంకర ఊడలు రేకుల ఇళ్ళకే ఎక్కువ కనిపించడానికి కారణం అదే.

పలక చూరు దాటి గాల్లోకి వచ్చాక దాని కింద ఆధారం లేదు. విరిగి పడాలి కదా? పడదు. గడ్డను మనం గాజులాంటిదనుకుంటాం, సుత్తితో కొడితే గాజులాగే పగులుతుంది కూడా. కానీ మెల్లగా, రోజుల తరబడి బరువు మోపితే మైనంలా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. గంగోత్రి హిమానీనదం సుమారు ముప్పై కిలోమీటర్ల పొడవున కొండల మధ్య నదిలా కదలడానికి ఈ సాగే గుణం కూడా ఒక కారణం. దాని అడుగున జరిగే జారుడు ఇంకొక కారణం. మీ చూరు మీద ఆ రెండూ చిన్నగా జరుగుతున్నాయి: రేకు మీద జారుడు, అంచు దాటాక సాగుడు. పైగా సున్నా దగ్గర ఉన్న గడ్డ మైనస్ పది దగ్గర ఉన్న గడ్డ కన్నా కొన్ని రెట్లు వేగంగా సాగుతుంది, మీ పలక అడుగు భాగం సున్నా దగ్గరే ఉంది.

ఎంత బరువో ఊహకు అందడానికి ఒక లెక్క వేద్దాం. పలక చూరు దాటి 30 సెంటీమీటర్లు బయటికి వచ్చింది, మందం 20 సెంటీమీటర్లు, కుదురుకున్న మంచు ఘనపు మీటరుకు 400 కిలోలు అనుకోండి. మీటరు చూరుకు 24 కిలోలు. అంటే దాదాపు బియ్యం బస్తా బరువు, మీటరుకొకటి చొప్పున మీ కిటికీ నెత్తిన, పట్టుకునేవాళ్ళు లేకుండా వేలాడుతోంది.

నాకు బాగా ఇష్టమైన లెక్క ఇంకొకటి ఉంది. 1950లలో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ గ్లెన్ గడ్డ మీద బరువులు మోపి, అది సాగే వేగం ఒత్తిడికి సుమారు మూడో ఘాతంలో పెరుగుతుందని చూపించాడు. ఒత్తిడి రెట్టింపైతే వేగం ఎనిమిది రెట్లు. ఇప్పుడు చూరు దాటిన పలకను చూడండి. బయటికొచ్చిన పొడవు రెట్టింపైతే దాన్ని వంచే ప్రభావం, అంటే మొమెంట్, నాలుగు రెట్లవుతుంది (సివిల్, మెకానికల్ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పొడవు వర్గానికి అనుపాతం). నాలుగు రెట్ల ఒత్తిడంటే నాలుగు ఇంటు నాలుగు ఇంటు నాలుగు, అంటే 64 రెట్ల వేగం! అచ్చమైన గడ్డకు, సమానమైన మందానికి వేసిన పుస్తకం లెక్క ఇది. నిజం చూరు మీద పొరలు పొరలుగా మంచు, గడ్డ కలిసి ఉంటాయి కాబట్టి అంకె అంత కచ్చితంగా రాదు. కానీ "నిన్నటిదాకా తిన్నగానే ఉందండీ, పొద్దున లేచేసరికి చుట్టుకుపోయింది" అని నాకు ఫోన్ చేసేవాళ్ళ మాట అబద్ధం కాదని ఈ లెక్క చెబుతుంది. పలక మొదట ఏ కదలికా లేనట్టుంటుంది, ఒక పొడవు దాటాక గబగబా వాలిపోతుంది.

వాలేటప్పుడు ఊడకు ఏమవుతుందో ఇప్పుడే కుర్చీలో కూర్చునే చూడొచ్చు. కుడిచేతిని ముందుకు చాపి అరచేతిని బోర్లించండి. వేళ్ళ కొసల మధ్య ఒక పెన్ను పట్టుకుని నిలువుగా కిందికి వేలాడనివ్వండి. మీ ఒళ్ళు ఇల్లు, చేయి కప్పు, పెన్ను ఊడ. ఇప్పుడు పెన్నుపై పట్టు మార్చకుండా మణికట్టు దగ్గర చేతిని మెల్లగా కిందికి వంచండి. పెన్ను కొస ఎటు వచ్చింది? మీ పొట్టవైపు. అంచు బయటికి, కిందికి పోతుంటే ఊడ కొస లోపలికి, ఇంటివైపుకు వస్తుంది. ఎవరూ దాన్ని లాగలేదు, పీల్చలేదు. చేతిని ఇంకా వంచితే పెన్ను పడుకుని నేలకు సమాంతరంగా మీ వైపే గురిపెడుతుంది. మీ వంటింటి కిటికీ బయట ఇదే జరుగుతోంది.

పెన్ను పెరగదు, ఊడ పెరుగుతుంది. అదొక్కటే తేడా. వాలిన ఊడ మీదుగా నీళ్ళు ఇంకా జారుతుంటే కొస దగ్గర కొత్త గడ్డ నిలువుగా కిందికి చేరుతుంది. మర్నాడు పలక ఇంకొంచెం వాలుతుంది, నిన్నటి నిలువు భాగం కూడా ఏటవాలవుతుంది, దాని కింద మళ్ళీ నిలువుగా కొత్త భాగం. ఇలా మెల్లగా, ఆగకుండా జరిగితే అందమైన దంతం వంకర వస్తుంది. పగలు జారి, రాత్రి చలికి బిగుసుకుని, మళ్ళీ పగలు జారితే వంకరకు బదులు మోచేతుల్లాంటి మడతలొస్తాయి.

ఒకసారి ఫిబ్రవరిలో మా పక్కింటి గరాజ్ చూరును అయిదు రోజుల పాటు రోజూ ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఫోటో తీశాను. మొదటి సాయంత్రం జానెడు ఊడలు, తిన్నగా. మర్నాడు మబ్బు, చలి, మార్పేమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం వాతావరణం కాస్త వెచ్చబడింది, పలక నాలుగు వేళ్ళు ముందుకొచ్చింది, ఊడలు కొద్దిగా లోపలికి చూశాయి. నాలుగో రోజుకు ప్రతి ఊడకూ ఒకే ఎత్తులో ఒక మోచెయ్యి, దాని కింద వేలెడు కొత్త భాగం, గాజులా తేటగా, నిట్టనిలువుగా. వరుసలో అన్నిటికీ ఒకే చోట మడత రావడం చూస్తే ముచ్చటేసింది. అయిదో రోజు పొద్దున్నే చూరు ఖాళీ, కింద కుప్ప. ఆ కుప్పలోంచి ఒక ఊడను ఏరి ఇంటికి తెచ్చి ఫ్రీజర్లో పెడితే, మా అమ్మాయి దాన్ని ఐస్‌క్రీమ్ డబ్బాల పక్కన నెల రోజులు కాపాడింది.

వంకర ఊడను చదివే పద్ధతి చెబుతాను. రెండు చోట్లు చూడాలి, మొదలు, కొస. మొదలు ఏటవాలుగా ఉండి కొస నిలువుగా ఉంటే పట్టుకున్న చోటు తిరిగిందని అర్థం. మొదలు నిలువుగా ఉండి కొస ఒక పక్కకు పోతుంటే గాలి పని. గాలికి కొసనున్న చుక్క పక్కకు ఒరుగుతుంది, అక్కడే గడ్డకడుతుంది, ఊడ గాలి పోయే వైపుకు పెరుగుతుంది. పైగా గాలికి ఇల్లెక్కడుందో తెలియదు. చూరు వెంబడి ఎడమకో కుడికో అన్నిటినీ ఒకేలా దువ్వేస్తుంది. చూరుకు అడ్డంగా, సరిగ్గా ఇంటివైపే, ఇంటికి రెండు పక్కల చూర్లకూ లోపలికే వంగాయంటే అది గాలి కాదు. ఒకే గాలి ఒక పక్క ఊడలను ఇంటివైపుకు, రెండో పక్క ఊడలను కూడా ఇంటివైపుకు ఎలా తోస్తుంది చెప్పండి? మీ రూమ్మేట్‌ని ఇంటి వెనక్కి తీసుకెళ్ళి చూపించండి. మొదలూ కొసా రెండూ ఒకే ఏటవాలులో, కర్రలా తిన్నగా వాలి ఉంటే, ఊడ పెరగడం ఆగిపోయాక, అంటే నీళ్ళు రావడం మానేశాక, పలక తిరిగిందన్న మాట.

ఎండ ఒక పక్క కరిగించి ఊడను సన్నం చేయగలదు, చెక్కేయగలదు, వంచలేదు. ఇంటి వేడికి ఆకర్షణ లేదు. "సొంత బరువుకు వంగి ఉండొచ్చు కదా" అని ఇంకొకాయన ఒకసారి నాతో వాదించాడు. నిలువుగా వేలాడే దాని బరువు దాన్ని కిందికి లాగుతుంది తప్ప పక్కకు వంచదు, బావిలో చేంతాడు వంగదు కదా.

ఇంకొకటి గమనించండి. బాగా వాలిపోయిన ఊడ మీద నీళ్ళు కొసదాకా పోవు. పొట్ట కింది బుడిపెల దగ్గరే చుక్కలుగా తెగిపోతాయి. అక్కడ్నుంచి చిన్న చిన్న పిల్ల ఊడలు నిలువుగా మొలుస్తాయి. దువ్వెన పళ్ళలా. పడుకున్న ఊడ, దాని కింద దువ్వెన పళ్ళు కనిపిస్తే పలక తిరిగాక కూడా నీళ్ళు కారుతూనే ఉన్నాయని, అంటే కప్పు కింద నుంచి వేడి ఇంకా పోతూనే ఉందని లెక్క.

బుడిపెలన్నాను కాబట్టి ఆ ముచ్చట కూడా. ఊడ ఒంటి మీద సుమారు సెంటీమీటరు దూరానికొకటి చొప్పున గాజుల్లా కడియాలు ఉంటాయి చూడండి. టొరంటో విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ మోరిస్ బృందం ల్యాబ్‌లో ఊడలను పెంచి, అచ్చమైన స్వేదన జలంతో చేస్తే కడియాలు రావని, నీళ్ళలో కొద్దిగా ఉప్పు కరిగి ఉంటే వస్తాయని చూపించింది. కప్పు మీద నుంచి వచ్చే నీళ్ళలో ఎంతో కొంత మలినం ఉంటుంది కాబట్టి మనకు కనిపించే ఊడలన్నిటికీ దాదాపు కడియాలుంటాయి. అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు 2006లో వేసిన గణితం ప్రకారం ఊడకూ, సున్నపురాయి గుహల్లో పైకప్పు నుంచి వేలాడే కొమ్ముకూ ఆకారం ఒకటే. అరకు దగ్గర బొర్రా గుహలు చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కారణాలు మాత్రం పూర్తిగా వేరు: అక్కడ సున్నం పేరుకుంటుంది, ఇక్కడ నీరే గడ్డవుతుంది. అక్కడ వేల ఏళ్ళు, ఇక్కడ రెండు రాత్రులు.

మీ ఊరు దీనికి పుట్టిల్లు లాంటిది. హౌటన్ నుంచి ఉత్తరంగా వెళ్తే కెవెనా ప్రాంతంలో 1978-79 చలికాలంలో 390.4 అంగుళాల మంచు పడింది, ముప్పై రెండు అడుగులు పైనే. హైవే 41 పక్కన ఆ ఎత్తును చూపించే పెద్ద స్నో థర్మామీటర్ ఉంటుంది, వీలైతే కింద నిలబడి ఫోటో దిగండి. కానీ ఈ వంకరకు ఒక పేరు కూడా పెట్టి, దానితో కాపురం చేసేవాళ్ళు జపాన్ వాళ్ళు. నీగతా లాంటి మంచు జిల్లాల్లో చూరు మంచు చుట్టుకుని గోడవైపుకు వేలాడటాన్ని మకిదారె అంటారు, చుట్టుకుని వేలాడేది అన్న అర్థంలో. అక్కడ చలికాలం మొదలవగానే కిటికీలకు బయట నుంచి అడ్డంగా పలకలు బిగిస్తారు. పేరు యుకిగకొయ్. చుట్టుకున్న మంచు, దాని ఊడలు అద్దాన్ని పొడవకుండా ఇది కాపాడుతుంది.

ఎందుకు కాపాడాలో నాకు స్వయంగా తెలుసు. నేను వచ్చిన కొత్తలో అద్దెకున్న ఇంట్లో మా పడగ్గది కిటికీ పైన ఇలాగే దంతాలు వేలాడేవి. ఫోటోలు తీసి ఊరికి పంపాను, అందరూ ఎంత బాగున్నాయో అన్నారు. ఇంటాయనకు చెబితే "ప్రతి ఏడూ వస్తాయి, అవే పోతాయి" అన్నాడు. ఒక అర్ధరాత్రి దబ్బున శబ్దం, లేచి చూస్తే పరుపు చివర గాజు పెంకులు, వాటి మధ్య నా ముంజేయంత ఊడ. పలక చివరికి తెగింది. తిన్నగా ఉన్న ఊడైతే గోడకు దూరంగా నేలమీద పడేది. ఇది ఇంటివైపుకు గురిపెట్టి ఉంది, పైగా పడేటప్పుడు పలక మొత్తం ఊయలలా లోపలికి ఊగింది. బయట మైనస్ పద్దెనిమిది. తెల్లారేదాకా కిటికీకి పరుపు అడ్డం పెట్టి ఇద్దరం హాల్లో పడుకున్నాం. ఆ తర్వాత నుంచి వంకర ఊడ కనిపిస్తే నాకు అందం రెండోసారే కనిపిస్తుంది.

మీరు ఇప్పుడు చేయాల్సినవి. ఆ కిటికీ దగ్గర డైనింగ్ టేబుల్ ఉంటే జరిపేయండి. బయట దాని కింద నడవకండి, సైకిల్ పెట్టకండి. కొస అద్దానికి జానెడు దూరంలోకి వచ్చి ఉంటే ఇంటి ఓనర్‌కు ఫోటోతో సహా ఈరోజే మెయిల్ పెట్టండి, నోటిమాటగా వద్దు. చీపురు కర్రతో కొట్టడం అస్సలు వద్దు. మీరు కొట్టేది ఊడనే అయినా కదిలేది దాని పైనున్న ఆ మీటరుకు 24 కిలోల పలక. ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో రూఫ్ రేక్ దొరుకుతుంది, పొడుగు గొట్టానికి చివర పార ఉంటుంది. దాంతో నేలమీద దూరంగా, పక్కగా నిలబడి చూరు దగ్గరి మంచును కొత్తగా పడ్డప్పుడే లాగేస్తుంటే పలక తయారవదు. ఇప్పటికే వంగిన పలకకు మాత్రం మనిషిని పిలిపించాలి. రేకు మీద ఉప్పు చల్లొద్దు, తుప్పు పడుతుంది.

ఇంటి పక్క గోడకున్న ప్లాస్టిక్ గొట్టాలను కూడా ఒకసారి చూసి రండి. ఇంటిని వెచ్చబెట్టే కొత్త ఫర్నెస్‌ల పొగ బయటికి పోయేది వాటిలోంచే. జారిపడ్డ మంచు కుప్ప గొట్టం మూతిని మూసేస్తే పొగ లోపలికి తిరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు. చూరు కింద గ్యాస్ మీటర్ ఉంటే అది కూడా ఇదే ప్రమాదంలో ఉన్నట్టు. అలారం బ్యాటరీ చూసుకోండి. నిజం చెప్పాలంటే అద్దం పగలడం కన్నా నాకు దీని గురించే ఎక్కువ టెన్షన్.

ఓనర్ చేయాల్సింది వేరే. చాలామంది చూరుకు హీటింగ్ కేబుల్ చుట్టి పని అయిందంటారు. అది జ్వరానికి తడిగుడ్డ లాంటిది. వేడి ఆటిక్‌లోకి ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి: సీలింగ్‌లో దింపిన లైట్ల చుట్టూ ఖాళీలు, బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఆటిక్‌లోనే తెరుచుకుని ఉండటం, ఆటిక్ తలుపుకు ఇన్సులేషన్ లేకపోవడం, చిమ్నీ పక్కన సందు. ముందు ఆ సందులు మూసి, తర్వాత ఇన్సులేషన్ ఆర్-49 నుంచి ఆర్-60 దాకా పెంచి, తర్వాత ఆటిక్‌లో బయటి గాలి ఆడేలా చేయాలి. వరుస మారిస్తే డబ్బు వృథా. న్యూ హాంప్‌షైర్‌లోని హనోవర్‌లో అమెరికా సైన్యానికి చలి ప్రాంతాల పరిశోధనశాల ఒకటి ఉంది. 1990లలో వాళ్ళు న్యూయార్క్ రాష్ట్రం ఫోర్ట్ డ్రమ్‌లోని భవనాల చూర్లను పరిశీలించారు. బయట 22 ఫారన్‌హీట్, అంటే మైనస్ అయిదున్నర కన్నా చలిగా ఉండి, ఆటిక్ 30 ఫారన్‌హీట్, అంటే మైనస్ ఒకటి కన్నా వెచ్చగా ఉన్నప్పుడే చూరు గడ్డ సమస్యగా మారుతోందని తేల్చారు. నేను ఏ ఇంటికెళ్ళినా ఆటిక్‌లో ముందు థర్మామీటర్ పెట్టేది అందుకే. పది డాలర్ల పని, సగం గొడవ అక్కడే తేలిపోతుంది. రేకుల కప్పుకు అదనంగా స్నో గార్డ్స్ బిగించొచ్చు, అవి పలకను జారనివ్వకుండా పట్టి ఉంచుతాయి. కానీ ఎన్ని, ఎక్కడ అనేది కప్పు వాలు, బరువు లెక్కవేసి పెట్టాలి, లేకపోతే గార్డ్స్‌తో సహా ఊడిపడతాయి.

గట్టర్, అంటే చూరు అంచున నీళ్ళు పట్టే తొట్టి, ఉన్న ఇళ్ళవాళ్ళకు ఒక మాట. గడ్డ బరువుకు గట్టర్ ముందంచు కిందికి వాలినా, దానికి వేలాడే ఊడలు ఇదే దిక్కుకు, ఇంటివైపే తిరుగుతాయి. అప్పుడు కప్పు మీద పలక కదలకపోయినా వంకర కనిపిస్తుంది. గట్టర్ మేకులు పీక్కుని ఉన్నాయేమో చూడండి.

మీరు పెట్టిన ఫోటో ఎదురుగా నిలబడి తీసింది, అందులో వంకర ఉందని తెలుస్తోంది కానీ మొదలు కనిపించడం లేదు. రేపు వెలుతురులో ఇంటి మూల దగ్గర, చూరు నుంచి కనీసం పదడుగుల దూరంలో నిలబడి పక్క నుంచి ఒకటి తీసి పెట్టండి. చూరు అంచు, పలక, ఊడ మొదలు, కొస, కిటికీ ఫ్రేమ్ అన్నీ ఒకే ఫోటోలో వస్తే పలక ఎంత తిరిగిందో, మీకు ఇంకెన్ని రోజుల టైమ్ ఉందో చెప్పడానికి ప్రయత్నిస్తాను. వెచ్చబడే రోజు ఫోర్‌కాస్ట్‌లో ఉంటే అంతకు ముందే తీయండి.